సార్ మాట, నాయన సంతకం

అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఆరు పేజీల ఉత్తరం ఇది. రాసినావిడకు ఇరవై తొమ్మిదేళ్లు. ఒక విమానయాన కంపెనీలో ఫస్ట్ ఆఫీసర్, అంటే కాక్‌పిట్‌లో కుడి సీటు. బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు, బెంగళూరు. వరసగా రెండు రోజులు ఖాళీ దొరికితే బస్సెక్కి ఊరికి వస్తారు. పేరు, ఊరు, కంపెనీ పోల్చుకునే వివరాలన్నీ తీసేసి మిగతాది చెబుతున్నాను.

నాయనకు చీనీ (బత్తాయి) తోట ఉంది. కూతురి పైలట్ శిక్షణ కోసం ఆ తోటను బ్యాంకులో తాకట్టు పెట్టాడు. అప్పు ఇంకా 38 లక్షలు ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు కంపెనీ అయిదేళ్ల బాండు రాయించుకుంది. మధ్యలో మానేస్తే 25 లక్షలు కట్టాలి. ఆ బాండు మీద నాయన ష్యూరిటీ సంతకం పెట్టి, రెండు ఖాళీ చెక్కులు కూడా ఇచ్చాడు. ఇప్పటికి మూడేళ్ల నాలుగు నెలలైంది. ఈమెకు 2,300 గంటల ఫ్లయింగ్ ఉంది, కెప్టెన్ కావడానికి కావలసిన ఏటీపీఎల్ లైసెన్సు కూడా చేతికొచ్చింది. మూడేళ్లలో కెప్టెన్‌ని చేస్తామన్న మాట మాత్రం రెండుసార్లు వాయిదా పడింది. ఈలోగా వేరే కంపెనీల నుంచి కెప్టెన్లను నేరుగా తెచ్చుకున్నారు.

ఈ ఏడాది పైలట్లు ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోతుంటే కంపెనీ రిటెన్షన్ స్కీమ్ అని ఒకటి తెచ్చింది. 20 లక్షలు ఒకేసారి ఇస్తారు, మూడేళ్లు కదలకూడదు. నెలాఖరులోగా సంతకం చేయాలి. అదే సమయంలో గల్ఫ్‌లోని ఒక కంపెనీలో ఈమె సెలెక్ట్ అయ్యారు. వాళ్లు మూడు నెలల్లో చేరమంటున్నారు.

బేస్‌ను చూసుకునే సీనియర్ కెప్టెన్ కడప వైపు మనిషి. లైసెన్సు వచ్చి రెండేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు పుస్తకాలిచ్చి, ఇంటర్వ్యూకి తయారు చేసింది ఆయనే. "నా మాట నమ్మమ్మా, ఏప్రిల్‌కి నీ కమాండ్ పూచీ నాది. ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్" అంటున్నారు. కమాండ్ అంటే కెప్టెన్ హోదా. ఇంకోవైపు పైలట్ల వాట్సాప్ గ్రూపులో, పండగ వారాంతంలో అందరూ ఒకేరోజు సిక్ రిపోర్ట్ చేద్దామని మాట్లాడుకుంటున్నారు. ఈమె అవుననీ కాదనీ అనకపోతే ఒకతను "మేనేజ్‌మెంట్ మనిషి" అన్నాడు. నాయనేమో "అన్నం పెట్టినోళ్లను నడిమధ్యలో ఇడిసిపెట్టి పోతారా?" అన్నాడు. అమ్మ పెళ్లి మాట ఎత్తుతోంది.

ఉత్తరం చివర ఆమె అడిగింది ఇది: "పోతే నేను కృతఘ్నురాలినా? ఉంటే పిచ్చిదాన్నా?"

అమ్మా,

మీ ప్రశ్న కంటే ముందు మీ నాలుగో పేజీలోని ఒక వాక్యం గురించి మాట్లాడాలి. "మొన్న నాలుగో సెక్టార్ దిగి టాక్సీ చేస్తుంటే ఏ ఊళ్లో ఉన్నామో ఒక్క క్షణం గుర్తు రాలేదు" అని రాసి (సెక్టార్ అంటే ఒక ట్రిప్పు, టాక్సీ అంటే విమానాన్ని నేల మీద నడపడం), వెంటనే బోనస్ లెక్కల్లోకి వెళ్లిపోయారు. ఆ క్షణం తర్వాత ఏం చేశారో రాయలేదు. ఫెటీగ్ రిపోర్ట్, అంటే అలసిపోయానని రాసిచ్చే కాగితం, ఇవ్వలేదని మాత్రం ఇంకోచోట ఉంది. అంతకుముందు రెండుసార్లు ఇలాగే అలసిపోతే "ఫెటీగ్ అని రాయొద్దు, ఊరికే సిక్ పెట్టు" అని మీ కెప్టెన్ సార్ సలహా ఇచ్చారట. ఆయన మీద మీకున్న గౌరవం చూశాక కూడా, ఇక్కడ నాకు కాస్త కోపం వచ్చింది.

సిక్ అంటే ఒంట్లో బాగాలేనిది మీకు. ఫెటీగ్ అంటే బాగాలేనిది రోస్టర్‌కి, అంటే డ్యూటీల పట్టికకి. మీరు సిక్ అని పెట్టిన ప్రతిసారీ కంపెనీ తప్పు మీ ఖాతాలో పడుతోంది. రోస్టర్ అంతా నియమాల లోపలే ఉందని రాశారు. ఉండొచ్చు. నియమాలు చెప్పేది ఇంతకు మించి నడపొద్దని. ఆ హద్దు దాకా రోజూ నడిపితే మనిషి బాగుంటాడని ఎవరూ పూచీ ఇవ్వలేదు. ఆ నియమాలు కూడా ఊరికే రాలేదు. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో ఏళ్ల తరబడి కొట్లాడాక, వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలైంది. 2025 నవంబరు నుంచి రాత్రి ల్యాండింగుల పరిమితి ఆరు నుంచి రెండుకు దిగింది. తర్వాత కొన్నింటికి మినహాయింపులు ఇచ్చారు, అది వేరే గొడవ. మీకు పనికొచ్చేది ఏమిటంటే, వచ్చిన ఫెటీగ్ రిపోర్టులు ఎన్ని, వాటి మీద ఏం చేశారు అని ఎయిర్‌లైన్లు మూడు నెలలకోసారి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకి లెక్క చెప్పాలి. మీరు రాయకపోతే ఆ లెక్కలో మీరు లేరు. ఉన్నా పోయినా, ఈ వారమే మొన్నటి సంగతి రాసి పంపండి. గల్ఫ్ కంపెనీలోనూ రోస్టర్ ఉంటుంది, అక్కడా ఇదే ఒళ్లు.

ఇక మీ ప్రశ్న.

నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పర్సనల్ ఆఫీసర్‌గా, అంటే ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆఫీసర్‌గా, ఇరవై ఆరేళ్లు చేశాను. విమానం గురించి నాకు తెలిసింది కిటికీ సీటు నుంచి కనిపించినంతే. మనుషులను ఆపే కాగితాల గురించి మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే వాటి మీద సంతకాలు పెట్టించింది నేనే. ఒకసారి మా పక్కనే కొత్త ఫ్యాక్టరీ లేస్తుంటే మా కిల్న్ (సిమెంటు బట్టీ) దగ్గర పనిచేసే అనుభవజ్ఞులను వాళ్లు లాగడం మొదలుపెట్టారు. మావాళ్లు రెండు ఇంక్రిమెంట్లు ముందుగా ఇచ్చి, మూడేళ్లు కదలకుండా కాగితం రాయించుకోమన్నారు. నన్ను "అన్నా" అని పిలిచే ఒక ఆపరేటర్ ఉండేవాడు. అతన్ని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి టీ తాగించి, ఫోర్‌మన్ పోస్టు ఖాయమని చెప్పాను. చెప్పినప్పుడు నేను అబద్ధమాడలేదు. మా జీఎం నాకలాగే చెప్పాడు. ఏడాది తిరక్కుండా ఆ జీఎం బదిలీ అయ్యాడు. కొత్తాయనకు ఆ మాట సంగతే తెలియదు. పక్క ఫ్యాక్టరీలో అతని తోటివాళ్లు దాదాపు రెట్టింపు తీసుకుంటుంటే ఇతను మా దగ్గరే మూడేళ్లూ ఉన్నాడు. ఎంతమందిని ఆపానో నా వార్షిక రిపోర్టులో మంచిమాటగా ఎక్కింది. ఆ మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. కూతురి పెళ్లికి పిలిచి, దగ్గరుండి వడ్డించాడు. ఆ భోజనం నాకు గొంతు దిగలేదు.

ఇది మీ సార్ మోసగాడని చెప్పడానికి రాయలేదు. ఆయన నిజంగానే మీ మేలు కోరుతున్నారని నమ్ముతున్నాను. కానీ బేస్ నుంచి ఎంతమంది పోయారన్న లెక్క ఆయనను కూడా ఎవరో అడుగుతుంటారు. ఏప్రిల్ మాట ఆయన మనసులోంచి వచ్చి ఉండొచ్చు, దాన్ని నిలబెట్టేది మాత్రం ఆయన కూర్చున్న కుర్చీ. కుర్చీలో మనిషి మారితే మాట ఏమవుతుందో నేను చూశాను.

మీకు ఒక్కటే ముడిగా కనిపిస్తున్నదాంట్లో మూడు ఉన్నాయి. కెప్టెన్ సార్‌కి మీరు పడిన రుణం ఒకటి. అది ఆయనకూ మీకూ మధ్య ఉన్నది, కంపెనీకి బదిలీ కాదు. నాయన సంతకం రెండోది. అది చట్టం. కంపెనీ స్కీమ్ మూడోది, అది బేరం. ఈ మూడూ కలిసి ఉన్నంతకాలం మీరు బేరమాడలేరు. బేరమాడదామని నోరు తెరిస్తే కృతఘ్నత అనిపిస్తుంది, లేదా నాయనకు ముప్పు తెస్తున్నట్టు ఉంటుంది.

ముందు బేరం చూద్దాం. నాయనకు చెబితే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. చీనీ కాయ పిందె మీద ఉండగానే వ్యాపారి వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు కదా, ఆ తర్వాత మార్కెట్ యార్డులో టన్ను ధర ఎంత పెరిగినా కాయ అతనిదే. రిటెన్షన్ బోనస్ అంటే అదే, తోట మీద అడ్వాన్సు. తప్పేమీ లేదు, అవసరమున్న రైతు తీసుకుంటాడు. తీసుకునే ముందు ధర ఎటు పోయేటట్టుందో, సూట్ కింద, అంటే తరుగు కింద, ఎంత కోస్తారో చూసుకుంటాడు.

మీ సూట్ ఆదాయపు పన్ను. 30 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 31.2 శాతం. 20 లక్షల్లో 6 లక్షల 24 వేలు పోయి, చేతికొచ్చేది 13 లక్షల 76 వేలు. మూడేళ్లకు పంచితే నెలకు 38 వేల చిల్లర. కెప్టెన్ జీతానికీ మీ జీతానికీ నెలకు తేడా ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు. కమాండ్ ఏడాది ఆలస్యమైతే మీరు పోగొట్టుకునేది ఈ బోనస్‌తో పూడుతుందో లేదో కూర్చుని లెక్కేయండి. నా అంచనా పూడదని. మిమ్మల్ని ఆపగలిగింది కంపెనీ చేతిలో ఒకటుంది, అది కమాండ్ తేదీ. దాన్ని కాగితం మీద పెట్టకుండా డబ్బు పెడుతున్నారంటే, ఆ తేదీ వాళ్ల దగ్గరా లేదేమో అడగాలి.

స్కీమ్ కాగితం నకలు మీరు పంపలేదు. అందులో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి. మూడేళ్లు ఎప్పటి నుంచి మొదలు? సంతకం చేసిన రోజు నుంచైతే, మిగిలిన 20 నెలల బాండు అందులో కలిసిపోయి అదనంగా మోసేది 16 నెలలే. బాండు ముగిశాక మొదలైతే ఇవాళ్టి నుంచి 56 నెలలు. ఈ రెండింటికీ ఒకే 20 లక్షలు! రెండోది, మధ్యలో పోతే తిరిగి కట్టాల్సింది పన్ను కోయని 20 లక్షలా, మీ చేతికొచ్చినంతేనా? చాలా కాగితాల్లో మొదటిదే ఉంటుంది. ప్రభుత్వానికి చేరిన పన్నును మళ్లీ రాబట్టుకోవడం ఆడిటర్ చుట్టూ తిరిగే పని. మూడోది, కంపెనీ తన వైపు మాట తప్పితే, అంటే జీతం ఆలస్యమైనా, బేస్ మార్చినా, కమాండ్ ఇవ్వకపోయినా, మీ మూడేళ్లు రద్దవుతాయా? ఇలాంటి వాక్యం దాదాపు ఏ కాగితంలోనూ ఉండదు. ఉండదు కాబట్టే అడగాలి.

ఇప్పుడు చట్టం. మానేసే ముందు ఇవ్వాల్సిన నోటీసు సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2017లో డీజీసీఏ కెప్టెన్లకు ఏడాది, ఫస్ట్ ఆఫీసర్లకు ఆరు నెలలు అని పెట్టింది. పైలట్ల సంఘాలు దాన్ని కోర్టులో సవాలు చేశాయి. ఆ వాదనలు ఎటు తిరిగినా, ఒప్పందంలో మీరు సంతకం చేసిన నోటీసు మిమ్మల్ని కట్టేస్తుంది. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు నోటీసు కాలం పూర్తి చేయకుండా వెళ్లిపోతే, కంపెనీ వాళ్లలో కొందరిపై బాంబే హైకోర్టుకెళ్లింది. ఈ కేసు ముంబైలో నడవకూడదని పైలట్లు అభ్యంతరం చెప్పినా, కోర్టు అక్కడే వినడానికి ఒప్పుకుంది. మీ ఒప్పందంలో వివాదాలు ఏ ఊరి కోర్టులో అని రాసుందో చూడండి. అనంతపురం నుంచి వాయిదాకోసారి అంతదూరం తిరగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బాండు చెల్లదని మీ స్నేహితులు చెప్పారట. అంత ధీమాగా నేను చెప్పలేను. మానేశాక వేరేచోట పని చేయకూడదంటే 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ఒప్పుకోదు. ఇన్నేళ్లు ఉండాలి, లేకపోతే ఇంత కట్టాలి అనే షరతు వేరు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు ఆఫీసర్ కేసులో, మూడేళ్లలోపు మానేసినందుకు 2 లక్షలు కట్టించుకోవడం చెల్లుతుందని చెప్పింది. మీది 25 లక్షలు. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు న్యాయమైన పరిహారం ఇప్పిస్తుంది, కాగితం మీద రాసిన మొత్తం దానికి పైహద్దు. మీ శిక్షణకు నిజంగా ఎంత ఖర్చు పెట్టారు, మీరు ఎన్నేళ్లు చేశారు అన్న వాదన అక్కడ వస్తుంది. టైప్ రేటింగ్‌కు, అంటే ఆ రకం విమానం నడిపే శిక్షణకు, డబ్బు మీరే కట్టారని రాశారు. ఆ రసీదులు బంగారంలా దాచుకోండి.

నాయన సంగతి దీనికంటే బరువైంది. ష్యూరిటీ అంటే సాక్షి సంతకమని ఆయన అనుకుంటున్నట్టుంది. 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, బాకీదారు ఎంత బాధ్యుడో ష్యూరిటీ కూడా అంతే. కంపెనీ మిమ్మల్ని వదిలేసి నేరుగా ఆయన్నే అడగొచ్చు. ఖాళీ చెక్కులైతే తేదీ, మొత్తం రాసి బ్యాంకులో వేయొచ్చు. బాకీ నిజంగా ఏర్పడ్డాక బౌన్స్ అయితే నెగోషబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 కింద క్రిమినల్ కేసు. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే కోర్టు మెట్లెక్కేది ఆ పెద్దాయన. సెక్యూరిటీ కోసం ఇచ్చామన్న ఒక్క మాటతో అది పోదు. కడపలో 2015లో, ఓర్వకల్లులో 2021లో విమానాలు దిగడం మొదలయ్యాక మన పిల్లలు పైలట్ అవుతామంటే తల్లిదండ్రులకు వింతగా లేదు, సంతోషమే. కానీ తోట పత్రాలు పదిసార్లు చదివే రైతు, ఇంగ్లీషులో ఉన్న పన్నెండు పేజీల బాండును కూతురి మొహం చూసి సంతకం పెట్టేస్తున్నాడు.

ఇవన్నీ తెలిశాక మీ ముందున్న దారులు నాకు ఇలా కనిపిస్తున్నాయి.

స్కీమ్‌లో చేరడం తప్పేమీ కాదు. 13 లక్షలు ఆ 38 లక్షల అప్పులో పడితే తోట మీద బరువు దిగుతుంది, వడ్డీ మిగులుతుంది. ఊరు, బెంగళూరు బస్సు, అమ్మానాయనలకు దగ్గర, ఇవన్నీ డబ్బులో రాని లాభాలు. కానీ చేరితే షరతులతో చేరండి: కమాండ్ తేదీ రాతలో, ఆ తేదీ దాటితే మూడేళ్ల కట్టుబాటు రద్దు, నాయన ష్యూరిటీ తొలగింపు, చెక్కులు వాపసు. మొదటి రెండూ ఒప్పుకోకపోవచ్చు. చివరి రెండు ఒప్పుకోవడానికి కంపెనీకి ఖర్చేమీ లేదు, అందుకే వాటి మీద గట్టిగా నిలబడండి. నెలాఖరు గడువు గురించి కంగారొద్దు. అది వాళ్లు పెట్టుకున్న తేదీ. పైలట్లు పోతున్నారనే స్కీమ్ పెట్టినవాళ్లు, "మా లాయర్ చూడాలి, పది రోజులివ్వండి" అంటే మిమ్మల్ని వద్దనరు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేయాల్సి రావడానికి, కొత్త విశ్రాంతి నియమాలకు తగినట్టు పైలట్ల ఏర్పాటు లేకపోవడం పెద్ద కారణం. అది చూశాక ఏ కంపెనీ అయినా ఏటీపీఎల్ ఉన్న మనిషిని తేలిగ్గా చూడదు. మేనేజ్‌మెంట్ భయం కూడా ఉత్తిదేం కాదు. ఒక కెప్టెన్ తయారవడానికి నెలలు పడుతుంది, సిమ్యులేటర్లు, ట్రైనర్లు కావాలి, ఒకేసారి పదిమంది పోతే షెడ్యూలు కూలుతుంది. ఆ భయాన్ని మీరు తిట్టక్కర్లేదు, తీర్చక్కర్లేదు కూడా.

గల్ఫ్‌కి వెళ్లడం రెండో దారి. ఆరు నెలల నోటీసు, మూడు నెలల్లో చేరమంటున్న ఆఫర్, ఈ రెండూ కుదరవు. ముందు అక్కడివాళ్లకు నిజం చెప్పి గడువు అడగండి. అడిగితే పోయేదేం లేదు. ఆరు నెలలు ఆగని కంపెనీ అయితే అది కూడా తెలిసినట్టే. వాళ్లు ఆగితే, రాజీనామా ఇచ్చి నోటీసంతా పనిచేయండి. బాండు నెలల లెక్కన తగ్గేదైతే, నోటీసు అయిపోయేసరికి మిగిలేది 14 నెలలు, కట్టాల్సింది 5 లక్షల 83 వేలు. తగ్గనిదైతే మొత్తం 25 లక్షలు అడుగుతారు, బేరం అక్కడ మొదలవుతుంది. మీ బాండులో ఏది ఉందో ఉత్తరంలో లేదు. చెప్పకుండా వెళ్లిపోయే ఆలోచన రాశారు కదా, అది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. మీరు దుబాయ్‌లోనో దోహాలోనో ఉంటారు, నోటీసు పట్టుకుని పోస్ట్‌మ్యాన్ వచ్చేది తోట దగ్గరికి. ఇంకోటి, గల్ఫ్ ఆఫర్ లెటర్‌లో జీతం ఒక్కటే రాశారు. అక్కడ కూడా బాండు ఉందా, మళ్లీ కుడి సీట్లో ఎన్నేళ్లు కూర్చోవాలి అన్నవి అడిగారా?

మూడో దారి మీకు ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టకుండా ఉండిపోవడం. స్కీమ్ వద్దంటే ఉద్యోగం పోదు. 20 నెలలు గడిస్తే బాండు దానంతటదే తీరుతుంది, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ఈలోగా కమాండ్ వస్తే సరే, రాకపోతే మూడు వేల పైచిలుకు గంటలతో, ఏ తాకట్టూ లేని లాగ్‌బుక్‌తో బయటికి నడుస్తారు. దీనికీ ఖరీదుంది. 13 లక్షలు వదులుకోవాలి, గల్ఫ్ పోతుంది, కొన్నాళ్లు రోస్టర్‌లో మంచి సెక్టార్లు పడకపోవచ్చు, సార్ మొహం మాడుతుంది. కమాండ్ వరుసలో సంతకం పెట్టినవాళ్లను ముందుకు తోసే ప్రమాదం కూడా ఉంది. సీనియారిటీ జాబితా బయట పెట్టే కంపెనీయా మీది? అయితే ఈ దారి బలమైంది. కాకపోతే చీకట్లో నడకే. మీ స్థానంలో మా అమ్మాయి ఉంటే నేను ఇటే మొగ్గుతాను. కానీ మా అమ్మాయికి 38 లక్షల అప్పు లేదు, కాబట్టి నా మొగ్గుకు మరీ విలువ ఇవ్వకండి.

సిక్ రిపోర్ట్ సంగతి. ఒంట్లో బాగున్న రోజు బాగాలేదని సంతకం పెట్టడం మీ లైసెన్సుతో ఆడుకోవడం. ఇప్పటికే సార్ సలహాతో రెండు సిక్‌లు మీ ఖాతాలో ఉన్నాయి, మూడోది ఎలా కనిపిస్తుందో చూసుకోండి. పైగా ఆ 2017 నిబంధనల్లోనే, పైలట్ల చర్య వల్ల చివరి నిమిషంలో విమానాలు రద్దయి ప్రయాణికులు ఇబ్బంది పడితే అది ప్రజాప్రయోజనానికి విరుద్ధమని ఉంది. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది పెద్దసంఖ్యలో సిక్ అన్నారు. 25 మందిని తీసేశారు, లేబర్ కమిషనర్ దగ్గర చర్చలయ్యాక వెనక్కి తీసుకున్నారు. వాళ్ల గొంతు వినిపించిన మాట నిజం. మధ్యలో ఆ పాతికమంది ఇళ్లలో రాత్రి ఎలా గడిచిందో అదీ నిజం. వెనక ఒక యూనియన్ ఉండి, కూర్చుని మాట్లాడేవాళ్లు ఉన్నారు కాబట్టి గట్టెక్కారు. మీ గ్రూపు వెనక ఎవరున్నారు? మీ కంపెనీలో సంఘం లేదన్నారు, ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ పైలట్స్ లాంటి వాటిలో సభ్యత్వం తీసుకునే వీలుందేమో చూడండి. 48 గంటలు తెచ్చింది అలాంటి సంఘాలే. గ్రూపులో మీరు అనదలుచుకుంటే ఇదే అనండి: అందరం ఒకేరోజు అబద్ధపు సిక్ పెట్టే బదులు, అలసిన ప్రతిరోజూ ఎవరికి వారు నిజం ఫెటీగ్ రిపోర్ట్ పెడదాం. దానికి స్క్రీన్‌షాట్ తీసినా మీకు భయం లేదు.

ఒకవేళ గ్రూపులో ఏం మాట్లాడుకుంటున్నారని సార్ అడిగితే, చెప్పకండి. "అక్కడి మాటలు ఇక్కడ చెప్పను సార్, మీ మాటలు అక్కడా చెప్పను" అంటే చాలు. మేనేజ్‌మెంట్ మనిషి అన్నవాడికి కూడా అదే జవాబు.

సార్‌తో ఈ విషయం ఆఫీసులో మాట్లాడొద్దు, ఫోన్లో అసలే వద్దు. ఇంటికెళ్లి, ఆయన చేసిన మేలు ముందు చెప్పండి. అది నిజం కాబట్టి చెప్పడం కష్టం కాదు. తర్వాత అడగండి: "సార్, ఏప్రిల్‌లో మీరు ఈ కుర్చీలో లేకపోతే నా సంగతి ఎవరు చూస్తారు? మీ మాటే ఈమెయిల్‌గా పంపించగలరా?" పంపితే ఏప్రిల్‌కి కాస్త బలం వచ్చినట్టు. పంపలేనంటే ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆయన చేతిలో లేదని ఆయన నోటితోనే తెలుస్తుంది, మీ మనసులో బరువు సగం దిగుతుంది. ఆయన రుణం తీర్చుకోవాలంటే, లైసెన్సు వచ్చి ఖాళీగా కూర్చున్న మన జిల్లా పిల్లలు ఎంతమంది లేరు, ఒకరికి ఇంటర్వ్యూ నేర్పండి.

నాయన "అన్నం పెట్టినోళ్లు" అన్నాడు కదా. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయింది. నెలల తరబడి జీతం రాకపోయినా అప్పటిదాకా విమానాలు నడిపిన పైలట్లున్నారు. 2023లో గో ఫస్ట్ కూడా మూతపడింది. కంపెనీకి కుదరని రోజున అది మనల్ని ఇడిసిపెడుతుంది, దానికి పగ లేదు, ప్రేమా లేదు. ఈ మాట నాయనతో ఇంత కఠినంగా అనకండి. తోటలో కూర్చుని, బాండు పన్నెండు పేజీలూ ఒక్కో వాక్యం తెలుగులో చెప్పండి. ష్యూరిటీ పేజీ దగ్గర ఆగి, ఆయన అడిగినన్ని ప్రశ్నలు అడగనివ్వండి. పెళ్లి మాట ఆ రోజు కలపొద్దని అమ్మకు ముందే చెప్పండి.

నాయన ఇచ్చిన ఆ రెండు చెక్కుల నంబర్లు మీ దగ్గర లేవని రాశారు. ఆయన పాత చెక్కుబుక్కు కౌంటర్‌ఫాయిల్‌లో ఉంటాయి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ముందు ఆ పుస్తకం వెతకండి. నంబర్లు దొరికాక, బాండు, స్కీమ్ కాగితం, టైప్ రేటింగ్ రసీదులతో సహా అనంతపురంలోనో బెంగళూరులోనో సర్వీసు కేసులు చూసే లాయర్‌కు చూపించండి. ఫీజు ఎంతైనా, 25 లక్షల ముందు అది చిల్లరే.